వాడ బాగుకు వాడవారి మాట

నగరములోని ఒక పేదవాడను బాగుచేయవలెనని నిర్ణయమైనదనుకొందము. మొట్టమొదట జరుగు పని ఒక పటము సిద్ధము చేయుట. ఆ పటములో వాడ ఒక మచ్చవలె కనిపించును. ఆ మచ్చమీద గీతలు పడును. ఇటునుండి అటు నలువది అడుగుల బాట, బాట కిరువైపుల నాలుగంతస్తుల కట్టడములు, మూలను ఒక చిన్న ఉద్యానవనము. లెక్కలు వేసి, మంజూరు పొంది, టెండర్లు పిలుచుటకు సిద్ధమైన పిదప ఒక దినమున వాడవారిని బడి ఆవరణలో సమావేశపరచి, గోడకు పటము తగిలించి, మీ అభిప్రాయములు చెప్పుడని అడుగుదురు. అక్కడ కూర్చున్నవారిలో పటము చదువ వచ్చినవారు పదిమంది యుండరు. ఆ వచ్చినవారు తమ ఇల్లెచట నున్నదో వెదకుకొని, దానిమీదుగా బాట పోవుచుండుట చూచి గొల్లుమందురు. మిగిలినవారు చేతులు కట్టుకొని, "మీరేది చేసినను సరే" అందురు. సమావేశపు పుస్తకములో ప్రజలు ఆమోదించిరని వ్రాయబడును.

శ్రోతలారా, నేడు నేను చెప్పదలచిన విషయము చిన్నది. వాడవారిని అడుగవలెనా వద్దా అను తగవు ఏనాడో తీరినది. అడుగవలెనని అందరును ఒప్పుకొందురు. ఎప్పుడు అడుగవలెను, ఎవరిని అడుగవలెను అనుచోటనే పని చెడుచున్నది. పటముమీద గీత పడకముందు అడిగినచో వాడవారు చెప్పినది ప్రణాళికలో చేరును. పడిన పిదప అడిగినచో అదే మాట అభ్యంతరముగా మారును. అభ్యంతరమునకు సమాధానము చెప్పుట మన కార్యాలయములకు బాగుగా అలవాటైన విద్య. దానినుండి నేర్చుకొనుట ఇంకను అలవాటు కాలేదు.

వాడవారికేమి తెలియునని కొందరు అడుగుదురు. రెక్కాడిన గాని డొక్కాడనివారు, చదువులేనివారు, నగరనిర్మాణశాస్త్రమును వారెట్లెరుగుదురు? శాస్త్రము వారికి తెలియదు, నిజమే. కాని వానకాలమున ఏ సందులో మోకాటిలోతు నీరు నిలుచునో, ఏ నల్లాకు ఏ వేళకు నీరు వచ్చునో, ఏ మలుపువద్ద రాత్రిపూట ఆడువారు ఒంటరిగా నడువలేరో వారికి తెలియును. వీనిలో ఒక్కటియు పటములో నుండదు. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. మనవంటి వారికి ఇల్లు పనినుండి తిరిగివచ్చు చోటు. పేదవానికి చాలసారులు ఇల్లే పనిచేయు చోటు. తోపుడుబండిమీద కూరలమ్మువానికి రాత్రి బండి నిలుపుకొనుటకు స్థలము కావలెను. బీడీలు చుట్టు ఇల్లాలికి వెలుతురుగల అరుగు కావలెను. ఆమె పని చేసికొనుచుండగా పసిబిడ్డను ఎదురింటి ముసలమ్మ కనిపెట్టి చూచుచుండును. కావున ఆ ముసలమ్మ ఎదురింటనే యుండవలెను. అప్పడములు ఒత్తువారికి ఎండపట్టు చోటు, ఇస్త్రీబండివానికి చెట్టునీడ కావలెను. ఇట్టి కుటుంబమును నాలుగవ అంతస్తునకెక్కించి తాళపుచెవి చేతికిచ్చినచో ఇల్లు దక్కును గాని, బండికి చోటు దక్కదు. కొన్నాళ్లు గడచునప్పటికి ఆ ఇంటిని మరొకరికి కిరాయికిచ్చి, కుటుంబము మరల ఏ కాలువ గట్టుననో పాక వేసికొనును. మంచి ఇల్లిచ్చినను వీరుండరని మనము నిందింతుము. ఆ ఇంటి పటము గీసినవానికి బండి సంగతి ఎవరును చెప్పలేదు. ఆయనయు అడుగలేదు.

ఈ ఆలోచన నేడు పుట్టినది గాదు. మన దేశములోనే దీనికి నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. 1914లో మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానమున పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు పండితుడు ఇచటికి వచ్చెను. వృత్తిచేత ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు. నగరముల బాగోగులను గురించి ఏండ్ల తరబడి కూర్చిన పటములు, చిత్రములు వేరొక ఓడలో వచ్చుచుండగా జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ ఆ ఓడను ముంచివేసెను. మద్రాసు రేవుపై గుండ్లు కురిపించిన ఎమ్డెన్ ఇదియే. గడుసువానిని ఎమ్డెన్ అనుట తమిళులకు వాడుక. స్నేహితులు మరల పటములు సమకూర్చి పంపగా 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగెను. పిదప గెడ్డెస్ ఊరూరు తిరిగి పురపాలక సంఘములకు సలహాలు వ్రాసియిచ్చెను. మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే గనుక ఆ సలహాలు మనకు పరాయివి గావు.

తంజావూరు సంగతి చెప్పెదను. అక్కడ ఇరుకైన ఒక పేటలో గాలి, వెలుతురు ప్రసరించుటకు ఇండ్లను పడగొట్టి నేరుగా బాటలు తీయవలెనని ఒక పథకము సిద్ధమై యుండెను. గెడ్డెస్ ఆ పేటను కాలినడకన తిరిగెను. ఏ ఇల్లు గట్టిది, ఏది కూలినది, ఏ పెరడు ఖాళీగా నున్నది, ప్రతిదానిని పటముమీద గుర్తించుకొనెను. అప్పుడు తేలినదేమనగా, సూటిగా పోవు బాట తన దారిలోని మంచి ఇండ్లను కూల్చును, ప్రక్కనున్న పాడు ఇండ్లను విడిచిపెట్టును. బాటకు కన్నులుండవు గదా! దానికి బదులుగా ఆయన చెప్పిన ఉపాయము ఇది. పాడుపడిన ఇంటిని ఇక్కడొకటి, అక్కడొకటి తీసివేయుట, ఆ ఖాళీలను కలుపుకొని సందును కొంత వెడల్పు చేయుట, చిన్న మైదానము వచ్చినచోట చెట్టు నాటుట, గుడిని బావిని వాని చోటనే యుండనిచ్చుట. ఇందులో ఇల్లు విడువవలసిన కుటుంబములు కొద్ది. ఖర్చు మొదటి పథకముకంటె ఎన్నోరెట్లు తక్కువ. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరును మన భాషలో కాపాడు శస్త్రచికిత్స అని చెప్పుకొనవచ్చును.

ఇందూరు సంస్థానములో ఆయన చేసిన పని మరింత విచిత్రమైనది. అక్కడ ప్లేగు భయము. ఎలుకలను తరుముటకు, చెత్తను ఎత్తించుటకు ఉత్తరువులు జారీచేసిన కొలది జనులకు అధికారులపై అనుమానమే పెరుగుచుండెను. గెడ్డెస్ దీపావళి పండుగను తన చేతికిమ్మని మహారాజును కోరెను. ఊరేగింపు పాతదారిని పోదనియు, ఏ వీధులవారు తమ వాకిళ్లను ఎక్కువ శుభ్రముగా నుంచుకొందురో ఆ వీధులగుండ పోవుననియు చాటించిరి. దానితో ఊరంతయు పారయు గంపయు పట్టినది. ఊరేగింపులో లక్ష్మీదేవి వచ్చెను. ప్లేగునకు గుర్తుగా పెద్ద ఎలుక బొమ్మ వచ్చెను. ఊడ్చువారు క్రొత్తబట్టలు కట్టి, చీపుళ్లకు పూలు చుట్టి, మెడలో దండలతో నడచిరి. నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఇదియే. వారిని అటుల వీధిలో గౌరవించుట ఆ ఊరు అంతకుముందు చూచి యుండదు.

గెడ్డెస్‌ను పొగడినను ఒక మాట చెప్పక తప్పదు. ఆయన చూచినంతగా అడుగలేదు. నడచెను, కొలిచెను, జనుల అలవాట్లను మన్నించెను. నిర్ణయము మాత్రము తన చేతిలోనే యుంచుకొనెను. పని యిచ్చినవారు మహారాజులు, పురపాలక సంఘములు. వాడలోని పేదలకు ఆనాడు ఓటుహక్కు కూడ లేదు. చూచుట వేరు, అడుగుట వేరు అని తెలిసికొనుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థలమును వెదకి అడిక్‌మెట్టును సూచించినదియు ఈ గెడ్డెసే. ఆయన వచ్చునప్పటికి హైదరాబాదు నగరము తన రూపును మార్చుకొనుచుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను, ఇండ్లను పొట్టనబెట్టుకొనినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరద నివారణకు ప్రణాళిక వేసిరి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వచ్చినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. పత్తర్‌గట్టీవంటి విశాలమైన బజారు, వెడల్పైన బాటలు ఆ మండలి చలువయే. ఇరుకువాడలను తొలగించి బదులుగా ఇండ్ల వరుసలు కట్టించిన పనియు అది చేసినది. అందులో మంచి పని చాల జరిగినది. కాని తొలగింపబడినవారిని ఎచటికి పోదురని అడుగు ఆచారము ఆ కాలమున ఏ నగరములోను లేదు.

ఆ నగరములోనే 1967లో పట్టణ సమాజాభివృద్ధి పథకము మొదలైనది. పల్లెలలో 1952 నుండి సాగుచుండిన సమాజాభివృద్ధి ప్రణాళికకు దీనిని పట్టణపు చెల్లెలనవచ్చును. అంతకుముందు 1958లో ఢిల్లీలో ఒక ప్రయోగము జరిగియుండెను. కేంద్రప్రభుత్వపు తోడ్పాటుతో పలు నగరములలో ఇట్టి పథకములు ఆరంభమై, ఆ తోడ్పాటు తగ్గగనే చాలచోట్ల సన్నగిల్లినవి. హైదరాబాదులో మాత్రము నిలిచి పెరిగినది. నగరపాలక సంస్థ దానిని తన సొంత పనిగా స్వీకరించుట ఇందుకొక కారణము. వేరొక కారణము నాకు తోచినది చెప్పెదను. మొదట వారిచేతిలో డబ్బు లేదు.

డబ్బు లేనప్పుడు అడుగక తప్పదు. పథకపు కార్యకర్తలు బస్తీలోనికి పోయి, కూర్చుండి, మీకు మొదట కావలసినదేమి, అందులో మీరు చేయగలిగినదెంత అని అడిగెడివారు. బస్తీ సంక్షేమ సంఘములు, మహిళామండలులు, యువజన సంఘములు ఏర్పడినవి. ఖర్చులో కొంతభాగము బస్తీవారే భరించవలెను, ధనముగానైనను, శ్రమగానైనను. కార్యక్రమములు చూచుటకు చాల చిన్నవి. బాలవాడి, కుట్టుపని నేర్పు కేంద్రము, టీకాలు, యువకుల గ్రంథాలయము. పటముల భాషలో ఇవి నగరనిర్మాణము క్రిందికి రానే రావు. కాని పిల్లలను కనిపెట్టు చోటుండిననే తల్లి కూలికి పోగలదు. తల్లి నాలుగు రాళ్లు తెచ్చిననే ఇంటి గోడ లేచును. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ ఇంటివారికే బాగుగా తెలియును. పిదప ఐక్యరాజ్యసమితి బాలల నిధి తోడ్పడినది.

1970ల చివరను ఆ పని ఇండ్లవరకు వచ్చినది. ప్రభుత్వభూములలోని పలు బస్తీలవారికి పట్టాలిచ్చిరి. బ్యాంకులు తక్కువ వడ్డీకి ఋణములిచ్చినవి. సాంకేతిక సలహా నగరపాలక సంస్థది. ఇల్లు కట్టుకొను భారము కుటుంబముది. గుడిసె యున్న తావుననే, ఆ ఇరుగు పొరుగుల నడుమనే ఇల్లు లేచినది. ఇందులో పట్టా అనునది కేవలము కాగితము గాదని గ్రహింపవలెను. రేపు ఇచట నుండనిత్తురో తరిమెదరో తెలియనివానిని పట్టుకొని, మీ సందులో మోరీ ఎటు త్రవ్వవలెనని అడిగినచో వాడేమి చెప్పును? వానికి మోరీ అక్కరలేదు. ఉండనిచ్చిన చాలును. కాళ్లక్రింది నేల తనదని తేలినవాడే దానిని గురించి తగవులాడగలడు. అట్టి తగవులాడువాడే ప్రణాళికకు కావలసినవాడు.

లోపములు లేకపోలేదు. ప్రైవేటు భూములలోని బస్తీలకు పట్టా ఇచ్చుట సులభము కాలేదు. 1983 నుండి బ్రిటిష్ ప్రభుత్వపు సహాయము హైదరాబాదునకు, తరువాత విశాఖపట్నము, విజయవాడలకు లభించి, ఎన్నో బస్తీలలో సిమెంటు బాటలు, మోరీలు, నీటి గొట్టములు, వీధిదీపములు వచ్చినవి. వానకు బురద త్రొక్కినవారికే ఆ బాట విలువ తెలియును. నేను దానిని తక్కువచేయను. కాని పెద్ద ధనము వచ్చినచోట ఏడాదిలోపల ఖర్చుచేయవలెనను గడువును వెంట వచ్చును. గడువు వచ్చినచోట అడుగు ఓపిక తగ్గును. బస్తీ సంఘముతో పదిసారులు మాటలాడవలసిన చోట ఒకసారి మాటలాడి సంతకము తీసికొనుట మొదలగును.

ఇంతవరకు విని, అన్నియు వాడవారే నిర్ణయించినచో ఇంజనీరెందుకని అడుగవచ్చును. మోరీ వాలు ఎంత యుండవలెనో చేతులెత్తించి తేల్చు విషయము గాదు. వాడవారు పొరపడుటయు కలదు. సందు వెడల్పు కావలెనని అందరును అందురు, ఆ రెండడుగులు ఎదురింటివైపునుండి తీసికొనుమందురు. ఒకకులమువారు మరొకకులమువారిని తమ నల్లావద్దకు రానీయమనుటయు వినుచున్నదే. అట్టిచోట అధికారి మౌనముగా నుండుట ప్రజాభిప్రాయమును గౌరవించుట గాదు.

ఇంజనీరు పనిని, వాడవారి పనిని వేరుచేసి చూపిన మంచి ఉదాహరణ కరాచీలో కలదు. ఒరంగీ అనునది అక్కడి చాల పెద్ద పేదవాడ. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అను పెద్దమనిషి అక్కడ పనిలో దిగెను. మురుగునీటికి దారి లేకుండుట వాడలోని ముఖ్యమైన బాధ. ప్రభుత్వము వచ్చి చేయునని జనులు ఎదురుచూచుచుండిరి. ఖాన్‌గారు సందును ఒక ఘటకముగా తీసికొనిరి. ఒక సందులో ఇరువది, ముప్పది ఇండ్లుండును. అంత చిన్న గుంపులో ఒకరి ముఖము ఒకరికి తెలియును. ఎవరు వాటా యిచ్చిరో, ఎవరు ఎగవేసిరో దాగదు. ఇంటి మరుగుదొడ్డి, సందులోని గొట్టము ఆ సందువారి ఖర్చు, ఆ సందువారి పని. వాలు కొలుచుట, పటము గీయుట, పనిముట్లిచ్చుట, తప్పులు దిద్దుట సాంకేతికుల వంతు. వాడ బయట మురుగును మోసికొనిపోవు పెద్ద కాలువ మాత్రము ప్రభుత్వపు వంతు. గుత్తేదారు లేనందున ఖర్చు ప్రభుత్వపు అంచనాలలో కొద్దిభాగమునకు దిగినది. పేదవారిచేతనే ఖర్చు పెట్టించుట న్యాయమా అను ప్రశ్న ఇందులో కలదు. సంపన్నుల పేటలో మురుగుగొట్టమునకు ఎవరును పార పట్టరు గదా! ఆ ప్రశ్నను నేను త్రోసిపుచ్చను.

అడుగుటయందు ఎంత శ్రద్ధ యున్నను, ఆలస్యము దానిని మ్రింగగలదు. ఇంగ్లండులో న్యూకాజిల్ నగరపు బైకర్ పేట ఇందుకు సాక్షి. పాత ఇండ్లను తీసివేసి పేటను క్రొత్తగా కట్టవలసి వచ్చినప్పుడు 1969 ప్రాంతమున రాల్ఫ్ అర్స్‌కిన్ అను వాస్తుశిల్పి ఆ పని చేపట్టెను. ఆయన తన కార్యాలయమును పేట నడుమ, పూర్వము అంత్యక్రియల సామగ్రి సమకూర్చిన దుకాణములో పెట్టెను. ఎవరైనను ఎప్పుడైనను లోనికి వచ్చి పటమును చూచి నిలదీయవచ్చును. ముందుగా నలువదియారు కుటుంబములకు మాత్రము, వారితో మాటలాడి, ఇండ్లు కట్టి చూచిరి. ఆ పేట కట్టడములు నేడు ఆ దేశపు రక్షిత కట్టడముల పట్టికలో ఉన్నవి. అయినను కూల్చుట వేగముగాను, కట్టుట మెల్లగాను సాగుటచే పాత నివాసులలో కొద్దిభాగమే ఆ క్రొత్త ఇండ్లకు చేరిరి. మిగిలినవారు ఎదురుచూడలేక వేరు పేటలకు పోయిరి.

1969లోనే షెరీ ఆర్న్‌స్టీన్ అను అమెరికా విదుషి పౌరులు పాల్గొనుటను ఎనిమిది మెట్ల నిచ్చెనతో పోల్చెను. క్రింది మెట్లమీద జనులను మభ్యపెట్టుట మాత్రము జరుగును. నడిమి మెట్లమీద వారికి విషయము తెలియజేయుదురు, సలహా కోరుదురు, నిర్ణయము మాత్రము తమ గుప్పిటనే యుంచుకొందురు. పై మెట్లమీదనే అధికారము నిజముగా చేతులు మారును. మన సమావేశములనేకము ఏ మెట్టుమీద ఆగినవో శ్రోతలే ఎంచుకొనవచ్చును.

ఇక ఎవరిని అడుగవలెను? పగలు పదకొండు గంటలకు సమావేశము పెట్టినచో కూలికి పోయినవారు రారు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు రారు. వచ్చువారు బస్తీ పెద్దలు, దుకాణదారులు, పార్టీలవారు. వారి మాట వినవలసినదే, కాని అది వాడ మాట గాదు. బొంబాయిలో 1985లో కాలిబాటలపై నివసించువారిని లెక్కించిన స్పార్క్ అను సంస్థ ఈ చిక్కును బాగుగా గ్రహించినది. ఆ స్త్రీలతోనే కలసి లెక్క తీసినది. ఎక్కడినుండి వచ్చిరి, ఏ పని చేయుదురు, ఎంత కాలమునుండి అచట ఉన్నారు అను సంగతులు వారి నోటనే వెలువడినవి. పిదప ఆ స్త్రీలు తమకెట్టి ఇల్లు కావలెనో తామే ఆలోచించిరి. అడుగులు, అంగుళములు వారికి పట్టుబడలేదు. చీరను పరచి పొడవు, వెడల్పు చూచుకొనిరి. నిజమైన ఇంటి కొలతతో నమూనా కట్టి ప్రదర్శనకు పెట్టిరి. స్థలము చిన్నదైనను కప్పు ఎత్తుగా నుండి, లోపల అటకవంటి పై అంతస్తు రావలెనని కోరిరి. పిల్లలు పైన పడుకొందురు, క్రింద పని సాగును. తమ గుడిసెలో నిత్యము ఒదిగి బ్రదుకువారికి వెంటనే తోచిన ఏర్పాటది.

చట్టము ఈ విషయమున పూర్తిగా మౌనముగా లేదు. ఆ 1985లోనే, ఆ బొంబాయి కాలిబాటల తగవులోనే, బ్రదుకుతెరువు జీవించు హక్కులోని భాగమనియు, తొలగించుటకు ముందు నోటీసు ఇయ్యవలెననియు సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. తొలగించు అధికారమును మాత్రము త్రోసివేయలేదు. 1993 జూన్ ఒకటినుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడులక్షలకు మించిన జనాభాగల పట్టణములలో వార్డు సంఘములుండవలెనని చెప్పినది. మంచిదే. కాని నగరములో ఒక వార్డనగా వేలాది కుటుంబములు. కరాచీలో పని సాగినది ఇరువది, ముప్పది ఇండ్ల సందులో.

ఈ మాటలన్నియు నేడెందుకనగా, 2024 సెప్టెంబరులో మూసీ తీరమున నదీగర్భములో నున్నవని లెక్కించిన ఇండ్ల గోడలపై ఎర్రరంగుతో గుర్తులు పడినవి. నదికి చోటు కావలెను, అందులో సందేహము లేదు. 1908ని మరచినవారే కాదనగలరు. అచట చాలమంది పేదలు, వరదకు మొదట మునుగువారును వారే. తొలగినవారికి ప్రభుత్వము రెండు పడకగదుల ఇండ్లు చూపినది. కొందరు పోయిరి, కొందరు పోమనిరి. ఆ ఎర్రగుర్తే తమకు అందిన మొదటి వార్త అని పలువురు వాపోయిరి. 2020 అక్టోబరు వరదలో నీరు ఏ గోడదాక వచ్చెనో, ఎన్ని గంటలు నిలిచెనో ఆ తీరపు ఇండ్లవారు వ్రేలుపెట్టి చూపగలరు. కొలతగాండ్రు గుర్తు వేయుటకు పోకముందు ఆ గోడలవద్ద వారితో నిలిచి మాటలాడి యుండినచో, ఎవరు తప్పక పోవలెనో, ఎవరు ఉండవచ్చునో అను తగవులో సగము అక్కడనే తేలియుండెడిది.

ఇట్టి పనులన్నిటను ఒకరు మాత్రము ఎవరికిని కనబడరు. ఇంటికి పరిహారము, ఇంటికి బదులు ఇల్లు అన్నచోట లెక్కకు వచ్చునది ఇంటి యజమాని పేరు. ఆ ఇంటి వెనుకగదిలో పది పదిహేనేండ్లనుండి కిరాయికున్న కుటుంబము పేరు ఏ కాగితములోను ఉండదు. పిల్లలు చదువు బడి అక్కడనే, కూలి దొరకు అడ్డా అక్కడనే. వాడ కదలినప్పుడు వారును కదలవలెను, చేతికి మాత్రము ఏమియు రాదు. బస్తీ సంఘములో యజమానులే యుందురు గనుక ఆ సంఘమును అడిగినను వీరి సంగతి తేలదు. వీరిని వేరుగా, రాత్రి పని ముగించుకొని వచ్చిన పిదప, గదిగదికి పోయి అడుగవలసియుండును.